హారన్ సంగతి రేపు చూద్దాం

పదమూడు నెలలుగా కదలని కారు చుట్టూ
హుస్సేనప్ప ఒక చుట్టు తిరిగొచ్చినాడు,
సంతలో ఎద్దును కొనేవాడు తిరిగినట్టు.
బానెట్ మీద నాపరాయి పొడి వేలి మందాన.
తాడిపత్రిలో వాన కంటే
పాలిష్ ఫ్యాక్టరీల తెల్లదుమ్మే ఎక్కువ రాలుతుంది.
ఎవరో పిల్లోడు దాంట్లో వేలితో చేపను గీసిపోయినాడు.
ఆ చేప మీద మళ్ళీ దుమ్ము.

"ఎందుకు నిలబెట్టినారు మేడం?"
టైము లేక, అన్నా.
ఆయన నమ్మలేదు. నమ్మాల్సిన పనీ లేదు,
ఆయనకు కావాల్సింది వోల్టులు.

మీటరు తీగలు ఆనించి చూపించినాడు: తొమ్మిదీ పాయింట్ నాలుగు.
నేను వేబ్రిడ్జిలో తూకాలు రాసేదాన్ని,
అంకె చూస్తే లారీ ఖాళీదో, నిండిందో,
అబద్ధమాడుతోందో చెప్పగలను.
ఈ అంకె మాత్రం, ఎక్కాల్సినవాడు
మూడు మెట్ల కిందే కూలబడినట్టుంది.

టెర్మినల్ మీద నీలంగా పూసిన ఉప్పు.
చాంద్‌బాషా వంటసోడా కలిపిన వేన్నీళ్ళు పోస్తే
బుస్సుమని పొంగి కారిపోయింది.
ట్రాక్టరు తెచ్చి పక్కన పెట్టి తీగలు కలిపినారు.
తాళం తిప్పమన్నారు.
టక్.
ఇంకోసారి.
టక్, టక్.
మాట నాలిక దాకా వచ్చి వెనక్కి పోయే చప్పుడది.
నాకు బాగా తెలుసు.

ఇద్దరం సగం సగం వేసుకొని కొన్న బండి.
తాళంచెవి నా దగ్గర, ఆర్సీ రత్నకుమారి దగ్గర.
ఆదివారాలు పెన్న బ్రిడ్జి అవతల నేర్చుకున్నాం,
క్లచ్ ఒకరు తొక్కితే గేరు ఇంకొకరు వేసి,
నవ్వు ఆగక బండి పక్కకు ఆపుకొని.
తర్వాత పెట్రోలు లెక్కలో
పదకొండు వందల అరవై రూపాయలు తేడా వచ్చింది.
అంతే. నిజంగా అంతే.
లారీకి టన్ను తేడా వస్తే మళ్ళీ తూస్తాం.
దీన్ని మళ్ళీ తూయలేదు.

ఎర్త్ తీగ గీకి బిగించినాక ఇంజను తిరిగింది,
తిరిగింది, తిరిగింది,
అంటుకోలేదు.
"ఉండ్రా, గమ్మునుండు" అని పిల్లోణ్ణి కసిరి
హుస్సేనప్ప వెనక సీటు ఎత్తి చెవి పెట్టినాడు.
"తాళం సగమే తిప్పండి."
పంపు మూలగాల. మూలగలేదు.
సుత్తి పిడితో మెల్లగా రెండు దెబ్బలు,
బడికి లేపే తల్లి మాదిరి.
జుయ్యిఁ.
ట్యాంకులోంచి తీసిన పెట్రోలు సీసాలో పట్టి వాసన చూపించినాడు.
అడుగంటిన వార్నీషు డబ్బా.
"ఇది కూడా ముసల్దవుతాది మేడం. పారబోసి కొత్తది పోద్దాం."
ప్లగ్గు విప్పి ఇనుముకు ఆనించి తిప్పితే
నీలంగా ఒక చుక్క గెంతింది.
"నిప్పుంది. నూనె వస్తాంది. ఇంగ గాలే."

ఫిల్టర్ డబ్బా మూత తీస్తే
శెనక్కాయ పొట్టు, సీటు స్పంజి,
నడిమధ్య ఎలక గూడు, ఖాళీది.
గూట్లో కొరికి పరిచిన కాగితం ముక్కలు,
గళ్ళ కాగితం, మా లెక్కల పుస్తకానిదే.
ఒక ముక్క మీద రత్నకుమారి రాసిన ఏడు,
దాని నడుముకు అడ్డగీత పెట్టి రాస్తుందామె.
మిగతా కూడికంతా ఎలక తినేసింది.
నేను నవ్వితే హుస్సేనప్ప
స్పానరు పట్టుకొని అట్లే చూస్తా నిలబడినాడు.

దులిపి, బిగించి, తిప్పితే
దగ్గి, నల్లగా ఊది, వణికి, పట్టుకుంది.
ట్రాక్టరు తీగలు పీకినా ఆగలేదు.
"ఆపొద్దండి. ముప్పావుగంట తిప్పండి యాడికైనా.
ఆపితే కథ మళ్ళా మొదటికొస్తాది.
హారన్ తీగ ఎలక కొరికింది, దాని సంగతి రేపు చూద్దాం."

పెన్న వైపని బయల్దేరి
మార్కెట్ యార్డు వెనక సందులో
పచ్చగేటు ముందు నిలబెట్టినా.
కాలు తీస్తే ఆగిపోతుందేమోనని దిగలేదు.
కొట్టడానికి హారన్ లేదు.
యాక్సిలరేటర్ కొంచెం అదిమి, వదిలి, మళ్ళీ అదిమి.
న్యూట్రల్లో కూడా గొణిగే ఈ బండి గొంతు
ఈ ఊళ్ళో ఇద్దరికే తెలుసు.

లోపల వంటింట్లో
కుళాయి ఆగింది.