నెయ్యి తాగిన పలక

ముందు తురుముపీట తీసి పక్కన పెట్టాను.
కుర్రకుక్కు ఉలిక్కిపడ్డాడు:
తురమకపోతే అది క్యారెట్ హల్వా ఎట్లవుతుంది మేడమ్?

తురిమితే అది అందరిదీ అవుతుంది.
పెళ్లి బంతిలో గరిటెతో విసిరేది,
ఐస్‌క్రీము పక్కన కూలబడేది,
రంగుపొడి పూసుకుని నాలుకని ఎర్రగా మోసం చేసేది.

దుంపని పొడుగ్గా గీశాను.
స్కూలు రిబ్బనంత పట్టీలు,
కిటికీకి అడ్డం పెడితే
కర్నూలు రోడ్డు మీది లారీలు
నారింజరంగులో పోతూ కనపడేంత పలచన.
మిగిలిన ముక్కల్ని పిండి రసం తీశాను.
మరిగి మరిగి గిన్నె అడుక్కి చేరేసరికి
ఆ రసం చక్కెర అడగడం మానేసింది.

గేదెపాలు అయిదు లీటర్లు.
తెల్లారి నాలుగింటికి పొయ్యెక్కితే
పదకొండుకి చెంబెడు.
మధ్యలో ఎవరు పిలిచినా పలకలేదు,
కదిపే చెయ్యి ఆగితే పాలకి తెలిసిపోతుంది.
కనపర్తి ఉప్పు, చిటికెలో సగం.
యాలకులు నూరలేదు, పాలలో నానేసి తీసేశాను.
దూరపు చుట్టంలా వచ్చి
విస్తరేసే లోపే వెళ్లిపోవాలి వాసన.

ఇంతా చేసి ప్లేటు దగ్గర ఆగిపోయాను.
తెల్ల పింగాణీ మీద
ఏడుగంటలు కాచిన పాలు కనపడలేదు.

మార్కాపురంలో మా వెనకగది.
చెక్కచట్రం ఎక్కని రాతిపలకలు
గోడకానుకుని, పదమూడేళ్లుగా.
ఫోన్ చేస్తే నాన్న నవ్వాడు.
నవ్వు దగ్గులోకి దిగింది,
అది ఆగేదాకా ఇద్దరం
ఫోన్లు చెవికానించుకునే ఉన్నాం.

“ఎవురన్నా పలకలో తింటారా ఎస్తేరూ?
ఉమ్మూసి తుడిచే వస్తువు గదే అది.”
“నువ్వు కొయ్యి నాన్నా. ఇరవై నాలుగు. జానెడు పొడుగు.”
“మందం?”
అంతే. ఇంకో ప్రశ్న లేదు.

ఒంగోలు బస్సులో గోనెసంచి ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.
పలకకీ పలకకీ మధ్య
చర్చి క్యాలెండరు కాగితాలు, పాత నెలలు.
అంచులన్నీ వేలు తెగకుండా అరగదీసి ఉన్నాయి.
కుర్చీ వేస్తే వద్దని
వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు.

ముందు పాలు. చెంచా వీపుతో
నల్లరాతి మీద తెల్లటి గీత లాగాను.
నా నోట్లోకి ఒక్కసారిగా బలపం వచ్చింది.
ఒకటో తరగతిలో
అక్షరాలకంటే ముందు బలపాలే తిన్నదాన్ని.
చల్లగా, మట్టిమట్టిగా, పళ్ల మధ్య కరకర,
ఆ వెనకే సారు బెత్తం.

ఆ కరకర కోసం జీడిపప్పు తీసేశాను.
బాణలి అడుగున మాడిన పాలచెక్కు గోకి,
ఆరబెట్టి, చిదిమి,
నేతిలో మగ్గిన పట్టీల మీద చల్లాను.

మొదటి పలక నాన్నకి.
షుగరుంది, చెంచాడు చాలన్నాడు.
పట్టీని గోటితో లేపి పొర పొరా విప్పాడు,
ముప్పై ఏళ్లు రాయి చీల్చిన చూపుతో.
బాగుందనలేదు.
“పొర చెడకుండా తీశావే, ఏం ఉలి?” అన్నాడు.
పీలర్ చేతికిచ్చాను.
బొటనవేలితో పదును చూసి, తిరిగిచ్చి,
అప్పుడు తిన్నాడు. చెంచాడు కాదు.

ఆ రాత్రి ఫోటోలు తీసుకున్నవాళ్లు తీసుకున్నారు.
ఒక పెద్దాయన మాత్రం
చెంచా తిప్పి పట్టుకుని
మిగిలిన పాలలో ఏదో రాసి,
ఎవరూ చూడకుండా వేలితో చెరిపేశాడు.

పదకొండు దాటాక
అంట్లు తోమే మాలకొండయ్య కేకేశాడు:
“మేడమ్, సబ్బుకి లొంగడంలా.”
ఉమ్ముకే చెరిగిపోయే రాయి
నెయ్యి తాగి కూర్చుంది.
గీత లేదు, గీసిన చోట మాత్రం
బల్బు కింద మెరుస్తోంది.

మర్నాడు లెక్కపెడితే ఇరవై మూడు.
ఇరవై నాలుగోది నాన్న గోనెసంచిలో
తిరుగు బస్సెక్కిందని నాకు తెలుసు.
మేనేజరు నా జీతంలో కోసుకున్నాడు,
రెండొందల యాభై.
మందం ఎంతని అడగలేదు.