రెప్ప కింద రంగు

ముందు ఒళ్లు చేస్తుంది.
అదే దాని మోసం.

వంశధార ఎడమ కాలువ గట్టున, కార్తీకంలో
తవిటయ్య బొల్లిగొర్రె పీపాలా నిండింది.
"ఈ యేడు నా మందకి దిష్టి తగిలీసేలాగుంది బావూ" అని
దాని మెడకి నల్లదారం కట్టాడు.
సారవకోట బేరగాడు పదన్నాడు, పదకొండు వేలన్నాడు.
తవిటయ్య బీడీ నోట్లోంచి తియ్యలేదు.
"పుష్యం రానీ. నువ్వే పదిహేనంటావు."

నేను అక్కడి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని.
నేనూ అది బలమే అనుకున్నాను.

కాలువలో నీరు తీసిన చోట
గోరంత నత్తలు, తవుడు రంగువి.
వాటిలోంచి ఏదో దిగి, ఈదుకుంటూ పోయి
గడ్డి మొదట్లో అంటుకుని కూర్చుంటుంది,
ఆవగింజలో సగం కూడా ఉండదు.
పిలవదు, కరవదు.
ఊరంతా ఎండిపోయాక పచ్చగా మిగిలేది ఆ జాగాయే,
గొర్రె తప్పేముంది?

లోపలికెళ్లాక దానికి దారి తెలుసు.
పేగు తొలిచి, కార్జం తింటూ పోయి
పైత్యపు గొట్టాల్లో కాపురం పెడుతుంది.
ఎండిన వేపాకంత ఒళ్లు.
ఉన్న ఇల్లు కూలాలని దానికీ ఉండదు,
తింటుంది, అంతే.
గుడ్లని పెంటికల్లో బయటికి పంపుతుంది.
దానికి కళ్లుండవు,
కాలువ మటుకు గుర్తుంటుంది.

పుష్యంలో బొల్లి మందకి వెనకబడింది.
పట్టుకుంటే బొచ్చు చేతికొచ్చేది.
దవడ కింద నీటిసంచి,
మేసొచ్చేసరికి వేలాడేది,
తెల్లారేసరికి సగం తగ్గేది.
"తగ్గిపోనాది, తగ్గిపోనాది" అనేది
ఎర్రమ్మ, రోజూ పొద్దున్నే.
పదకొండు పొద్దులు అలాగే అంది.

అప్పుడు పిలిచారు నన్ను.

కింది రెప్ప తిప్పి చూస్తే
లోపల తాజా చేప మొప్పలా ఎర్రగా ఉండాలి.
బొల్లి రెప్ప పలాస జీడిపప్పులా ఉంది.
డెబ్బై రెండు తలలకీ మందు పోశాను,
ఒక్కో రెప్పా తిప్పుతూ.
నా బొటనవేలికి ఊసులు, గోళ్లలో మట్టి.

మూడో రోజు బొల్లి పోయింది.
కార్జం కోస్తుంటే కత్తి కిందన కరకరమంది,
సున్నం కట్టిన గొట్టాలు.
నొక్కితే ఆకులు జారాయి, కదులుతూ.
తవిటయ్య ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాడు.
"ఇవన్నీ నా గొర్రిలోనే బతికినాయేటి?"
ఆ కార్జాన్ని కాలువలోకి విసరబోతే
చెయ్యి పట్టుకున్నాను.
గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం.

రెప్పలు తిప్పడం చూస్తూ నిలబడిన మనవరాలు
దమయంతి, ఏడేళ్ల గుంట, చెప్పుల్లేని కాళ్లు,
తన రెప్ప తనే కిందికి లాక్కుంది.
"మరి నాది సూడు."

నవ్వబోయాను.
వంగి చూశాను.

నా సంచీలో ఉన్నది గొర్రెల మందు.
నా దగ్గరున్న కాగితం మీద అచ్చేసింది
'పశువు జాతి, రంగు, వయస్సు.'
జాతి కొట్టేశాను. రంగు దగ్గర కలం ఆగింది.
హిరమండలం డాక్టరమ్మకి
'నులిపురుగులు, రక్తం లేదు, చూడగలరు' అని రాసిచ్చాను.

తవిటయ్య కాగితాన్ని తిరగేసి చూశాడు, చదువు రాదు.
"గుంటదానికీ గొర్రికీ ఒకటే పురుగేటి బావూ?"
"కాదు. అది వేరు, ఇది వేరు.
ఇది మట్టిలోంచి, పాదంలోంచి ఎక్కుతుంది."
కాసేపు ఏమీ అనలేదు.
"మరి రంగొక్కటే గదా."

మర్నాడు మందని మెట్టవైపు మళ్లించాడు,
రాళ్లూ, ఎండు బోదా తప్ప ఏమీ లేని చోటికి.
ఎర్రమ్మ పిల్లని చంకనేసుకుని
బస్సు కోసం రోడ్డెక్కింది.
కాలువ పక్కనుంచి నడిచినంతసేపూ
కర్ర ఝళిపిస్తూనే ఉన్నాడు తవిటయ్య.
ఆ పచ్చిక దగ్గరికి వచ్చేసరికి
డెబ్బై ఒక్క తలలూ
కిందికే వంగాయి.