పోటు లెక్క

కాంకాల్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు
ఊరిని వదిలి వెళ్లిపోతుంది.
పెద్ద ఆటు నాడు పదమూడు మీటర్లు కిందికి దిగి
ఇనుప బల్లల మీద వల సంచుల్లో పడుకున్న
ఆలిచిప్పల్ని గాలికి చూపిస్తుంది.
ఆ కాసేపట్లోనే ట్రాక్టర్లు దిగాలి,
సంచులు తిరగెయ్యాలి, నాచు దులపాలి,
నీళ్లు ఇరుసు అందుకోకముందే పైకి రావాలి.
ఎప్పుడు దిగాలో చెప్పే పేజీ నాది.
సహకార సంఘం నాకిచ్చే జీతమంతా
ఆ ఒక్క పేజీకే.

నాది పీహెచ్‌పీ. మెతక భాష.
అంకె ఇచ్చినా, అంకెలా కనిపించే మాట ఇచ్చినా
సర్దుకుపోతుంది.
లేనిదాన్ని అడిగితే కాస్త గొణిగి
ఖాళీ చేతులు చూపిస్తుంది.
నేను వాడి పారేసినవన్నీ
వెనకే ఎవరో ఊడ్చుకుంటూ వస్తారు.

లెక్క మాత్రం తుగ్దువాల్‌ది.
చంద్రుడి లాగుడు, సూర్యుడి లాగుడు,
అఖాతం అడుగున ఇసుక రాపిడి
అన్నీ సీలో రాసి, కంపైల్ చేసి,
యంత్రం తప్ప ఎవరూ నమలలేనంత గట్టిగా
గడ్డకట్టించాడు.
మూలం లేదు. అది ఉన్న డిస్కు ఒక చలికాలం
పడవలోంచి జారి
తను లెక్కగట్టిన నీళ్లలోనే మునిగింది.
మిగిలింది హెడర్ ఫైలు, పదకొండు వరుసలు:
ఈ పేరుతో పిలువు, ఇవి ఇవ్వు, ఇది ఇస్తాను.
లోపల ఏం చేస్తానో అడగకు.

పిలిచాను.
తేదీ గడి పూర్ణాంకమనుకున్నాను. అది డబుల్.
నాలుగు బైట్లు పోసిన చోట
ఎనిమిది తాగడానికి వంగింది,
పక్కవాళ్ల గిన్నెలోవీ తాగేసింది.
హెచ్చరిక లేదు, ఏ వరుసో చెప్పలేదు.
ప్రాసెస్ మొత్తం చచ్చిపోయింది. తెల్లటి పేజీ.
నా భాషలో తప్పు చేస్తే తిడతారు.
అక్కడ తప్పు చేస్తే కాళ్ల కింద నేల ఉండదు.

తుగ్దువాల్ రేవు గోడ మీద కూర్చుని
చిప్పలు తెరుస్తున్నాడు. డెబ్బై ఆరేళ్లు.
"కత్తి ఎక్కడ పెట్టాలో చిప్పే చెబుతుంది.
బలం పెడితే నీ అరచేతిలోకే దిగుతుంది."
అంతే అన్నాడు. ఒక చిప్ప నా చేతికిచ్చాడు.
సాయం కోసం వెళ్లినదాన్ని, ఉప్పు మింగి తిరిగొచ్చాను
కోపంగా.

రాత్రి హెడర్‌ను పైకి చదివాను,
ఒక్కో రకం పేరూ, ఒక్కో చుక్కా.
ఎనిమిది అంటే ఎనిమిది.
ఈసారి ఎత్తు వచ్చింది. గోడ మీది అచ్చు పట్టికతో సరిపోయింది.
వేళ మాత్రం గంట వెనక.
వారం రోజులు నా తప్పు కోసమే వెతికాను.
అప్పుడు జూన్.
దానికి వేసవి గంట తెలియదు.
సముద్రానికీ తెలియదు.
ముసలాయన ఎవరి పక్షమో అప్పుడర్థమైంది.
గంట కలపడం గుమ్మానికి ఇవతలి పని, నా పని.

అయినా నాలుగో రాత్రి సర్వర్ ఊపిరాడక పడిపోయింది.
అడిగిన ప్రతిసారీ అది కొత్త జాగా తవ్వి
జవాబు అందులో పెట్టి ఇస్తోంది.
నేను చదివి అలాగే వదిలేస్తున్నాను.
అటువైపు ఊడ్చేవాళ్లు లేరు.
పదకొండో వరుస, నేను దాటేసినది:
రాంద్ర్. తిరిగి ఇచ్చెయ్యి, అని దాని పేరు.
నలభై ఏళ్లొచ్చాయి నాకు,
ఆ మాట ఒక ఫంక్షన్‌గా నేర్చుకున్నాను.

ఈ ఉదయం అయిదూ నలభై.
సొయాజిగ్ ట్రాక్టర్ రేవు వాలు అంచున ఆగింది.
ఫోన్ తీసింది. నా పేజీ,
పేజీ కింద నా పిలుపు, పిలుపు కింద ఆ గడ్డ,
అందులోంచి సరిగ్గా ఎనిమిది బైట్లు
పైకి వచ్చాయి.
చూసుకుంది. ఫోన్ జేబులో వేసుకుని
సముద్రం వైపు కూడా ఒకసారి చూసింది.
ఆ చూపుకు నేనేమీ నొచ్చుకోలేదు.
గేరు వేసింది.