ఐదో రోజు, మధ్యాహ్నం

లీలామహల్ సర్కిల్ కాడ, టీ అంగడి మీది మేడలో
నేను జపాన్ అమ్ముతాను.
ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్లు,
వీసా ఖర్చు కలిపి, వంటమనిషి అదనం.

కరపత్రం నేనే రాసినా.
చూడని ఊరిని ఎట్లా రాసేది?
చూసినవాటిని అడ్డం పెట్టుకుని రాసినా.
చెర్రీ పూలకు మా వీధి కానుగ చెట్టు.
ఎండలు ముదిరే ముందు, తెల్లారేసరికి
స్కూటర్ సీటు మీద రాలి ఉంటాయే,
పాలల్లో వంకాయరంగు ఒక్క చుక్క కలిపినట్టు, అవి.
మా అమ్మ తిట్టుకుంటా ఊడ్చేది.
చీపురు సంగతి కరపత్రంలో రాయలేదు.

జింకలు బజార్లో తిరిగే నారాకు
అలిపిరి మెట్లదారిలో
దోసకాయ ముక్కకు మూతి చాపే జింక.
కంచె తీసేసినా, అంతే.
ఎర్రటి ద్వారాలు వరసకట్టి కొండెక్కే చోటికి
మోకాళ్ల పర్వతం.
ఆయాసం ఏ దేశంలో అయినా ఆయాసమే.

ఫ్యూజీకి మాత్రం ఏదీ దొరకలేదు.
మా కొండలు ఒంటరిగా నిలబడవు,
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ఉంటాయి.
అక్కడ ఫోటో అతికించి ఊరుకున్నా.

ఒక బుధవారం, కరెంటు పోయిన పూట
పలమనేరు నుంచి వచ్చినాడు చెంగల్రాయులు,
పట్టు పరిశ్రమ శాఖలో రిటైరైనాయన.
సంచిలో టిఫిన్ క్యారియర్, గొడుగు.
వేలు పెట్టి ప్రతి లైనూ చదివినాడు.
"కోటా? చంద్రగిరిలో ఉండాది కదమ్మా.
వేణ్ణీళ్ల స్నానమా, ఇంట్లో కాచుకుంటా.
అంత బిరబిరా పోయే రైల్లో ఏం కనపడతాది?"
లేచి పోతాడనుకున్నా.
కరపత్రం వెనక్కి తిప్పి అడిగినాడు:
"మల్బరీ తోట ఏ దినం వస్తాది?"

రాదు.

ఆయనకు ఇరవై ఆరేళ్లప్పుడు
ఇసొగాయి అని ఒకాయన వచ్చినాడంట,
పురుగుల పెంపకం నేర్పేదానికి.
చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి రమ్మంటే
ఇదేదో మా అవ్వ పూజగదే అనుకున్నాడంట ఈయన.
దుబాసీ సెలవు పెట్టిన ఒక రాత్రి,
నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఆకు పరిచి
లాంతరు తగ్గించి
చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని చూపించినాడంట, ఇట్లా.
వేల నోళ్లు. ఒకటే చప్పుడు.
ఆ ఏడు పలమనేరులో పడని వాన
షెడ్డు లోపల పడతా ఉండాది.
"అమే" అన్నాడు ఆయన.
"వాన" అన్నాడు ఈయన.
"రెండేండ్లు కలిసి పనిచేసినామమ్మా,
మాకు బాగా అర్థమైన మాట అదొక్కటే."

గొడుగు పక్కన పెట్టి కవరు తీసినాడు.
కొంగ బొమ్మ స్టాంపు, పదకొండేళ్ల కిందటి ముద్ర.
ఆ తర్వాత ఉత్తరం రాలేదు.

టోక్యోలో మా ఏజెంటుకు ఫోన్ చేసినా.
ఆ ఊరా, అక్కడ చూసేదానికి ఏమీ లేదన్నాడు.
మల్బరీ ఉందో లేదో ఆయనకు తెలీదు.
అదే మాట చెప్పినా.
చెంగల్రాయులు తల ఊపినాడు, బేరం కుదిరినట్టు.
"చూసేదానికి ఎవరు పోతారమ్మా" అని
అడ్వాన్సు ఐదువేలు లెక్కబెట్టి పెట్టినాడు,
అన్నీ వందలే.

ఆ రాత్రి ఐదో రోజు షాపింగు కొట్టేసినా.
మధ్యాహ్నం అని రాసి, ఊరు పేరు రాసి
పక్కన ఏం రాయాల్నో తోచక
చుక్క పెట్టి ఆపినా.

ఆదివారం బస్సెక్కి పలమనేరు పోయినా.
ఇప్పుడు ఆ షెడ్డు ఆయన కోడలు చూసుకుంటాది.
చెప్పులు విడిచినా, చేతులు కడిగినా.
ఆమె ఆకు పరిచి, మాట్లాడొద్దని సైగ చేసింది.

సోమవారం మా ఓనరు కరపత్రం చూసి
"ఐదో రోజుకు ఫోటో ఏదీ?" అన్నాడు.
ఉండాది సార్ అని ఫోన్ ఇచ్చినా.
తట్టల నిండా తెల్లటి పురుగులు, సగం తిన్న ఆకు.
"ఇదేంది, ఇది జపానా?"

వాల్యూమ్ పెంచండి సార్, అన్నా.
ఆయన కిటికీ దగ్గరికి పోయి
చెయ్యి బయటికి చాపి చూసినాడు.