వెనుక సీటుకు బ్రేకు లేదు

వాదీ కబీర్ జుమ్మా బజార్ల
పాత ఫ్రిజ్‌ల నడుమ పండవెట్టిండ్రు దాన్ని.
రెండు సీట్లు, రెండు జతల పెడల్లు, ఒక్కటే గంట.
బలూచీ ముసలాయన పన్నెండు రియాళ్లన్నడు,
ఏడుకు తెగింది. నాలుగు నావి, మూడు ఓదెలువి.

"మూడు ఇచ్చినోడివి వెనుకనే కూసో" అన్న.
నవ్విండు, అప్పటికైతే.

హమ్రియాల మా రూము మెట్ల కింద
తొమ్మిది రాత్రులు విప్పుడే విప్పుడు.
ఉప్పుగాలి తిన్న నట్లు కిరసనాయిలుకు లొంగలే,
డీజిల్‌ల నానవెడితే ఒక్కొక్కటి కదిలినయి.
వెనుక చక్రానికి పదకొండు స్పోకులు తక్కువ.
ఏసీ మెకానిక్ సుబైర్ ఎక్కడివో తెచ్చిచ్చిండు,
అడగలే మేము.

ఆఖరికి చెయిను కాడ పడ్డది లొల్లి.
నా కాలు కిందున్నప్పుడు తన కాలూ కిందుండాలెనంటడు.
నేను ఎక్కించినంక చూస్తే పావు చుట్టు తేడా.
విప్పుమన్నడు. విప్పనన్న.
నాలుగు దినాలు ఒక్క గంజుల బువ్వే తిన్నం
మాట లేకుండ.

శుక్రారం తెల్లారక ముందే ఎక్కినం.
వెనుక సీటుకు బ్రేకు లేదు, హ్యాండిలు తిరుగది,
తొవ్వ కానరాదు, నా వీపు తప్ప.
దార్‌సైట్ ఎత్తుల
నా పెడల్ పైకొచ్చి సచ్చువడ్డ చోట
బండి ఆగాలె.
ఆగలే.
సరిగ్గ అప్పుడే వాని కాలు కిందికి దిగుతున్నది.
వాడు దిగంగ నేను, నేను దిగంగ వాడు...

ఎత్తు దాటినంక, దూరంగ మత్రా ఓడల దీపాలు
ఆరుతుంటే,
వెనుక నుంచి అన్నడు:
"వీపు కాడ నీ అంగి చినిగింది రా.
ఎన్నడు చూసుకోలేదా?"