గుయ్‌మంటోంది, తిరగట్లేదు

స్విచ్చి వేస్తే గుయ్‌మంటోంది.
తిరగట్లేదు.
మూడు లెక్కపెట్టేలోగా ఫ్యూజు ఎగిరిపోతోంది.

ఈ మాట చెప్పడానికి ఖోరెన్
గ్యూమ్రీ మంచులో టోపీ లేకుండా
నా షాపు దాకా నడిచొచ్చాడు.
"పోయినట్టేనా?" అన్నాడు.
గుయ్‌మంటోందంటే ప్రాణముందని చెప్పి
మీటరు సంచీలో వేసుకుని వెంట బయల్దేరాను.

పెరట్లో గోడకి ఆనించిన రాతిపలకలు,
బడికి ఆలస్యమై బయట నిలబెట్టిన పిల్లల్లా.
మధ్యలో కంప్రెసరు.
ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన పొట్ట,
రెండు చక్రాల్లో ఒకటి
ఎవరి చంటిపిల్ల తోపుడుబండిదో.

పక్కన బల్లమీద సెరోబ్ తాత.
ఎనభై మూడేళ్లు. చేతిలో టీ.
తన సమాధి రాయి తనే చేయించుకుంటున్నాడు.
"మనవళ్లకి వదిలేస్తే
అక్షరం తప్పు చెక్కిస్తారమ్మా."
ఐదక్షరాల పేరులో మూడు పడ్డాయి.
నాలుగోదానికి ఉలి ఆనించగానే
గాలి ఆగింది.
"సగం పేరుతో ఎలా పడుకోను?
త్వరగా చూడు."

ప్లగ్గు పీకాను. ముందు అది.
ట్యాంకు కింద మర విప్పితే
బుస్సుమని గాలి, తర్వాత
తుప్పు నీళ్లు, ఎర్రగా, గ్లాసెడు.
కప్పీ చేత్తో తిప్పాను.
సాఫీగా తిరిగింది. పిస్టను పట్టెయ్యలేదు.
నూనె చలికి తేనెలా ఉంది కానీ
నేరం దానిది కాదు.

కరెంటు పొరుగింటి నుంచి వస్తోంది,
ముప్ఫై మీటర్ల సన్న తీగలో.
బండిని ఈడ్చుకెళ్లి గోడ ప్లగ్గుకే పెట్టాను.
అదే గుయ్.
"తీగని అనవసరంగా తిట్టావు" అన్నాడు సెరోబ్.

కెపాసిటరు ఉబ్బలేదు, కారలేదు.
దాచుకున్న షాకంతా దింపేసి కొలిచాను.
దాని వయసుకి ఎక్కువే చూపించింది.

బెల్టు తీసేశాను.
తాడు చుట్టి ఒక్క గుంజు గుంజి
స్విచ్చి వేయమన్నాను.
తిరిగింది!
ఆపి, తాడు ఎదురు చుట్టి గుంజాను.
అటూ తిరిగింది.
ఎవరెటు తోస్తే అటు పోతోంది,
తనంతట తాను మాత్రం మొదలెట్టలేదు.

అప్పుడు తెలిసింది.
వెనక మూత నాలుగు స్క్రూలు,
నాలుగోది మొండిది, కిరోసిను తాగాక కదిలింది.
లోపల బొటనవేలంత మీట.
మోటారు ఆగి ఉన్నప్పుడు కలిసి,
వేగమందుకోగానే విడిపోవాల్సిన
రెండు రాగి బొడిపెలు.
వాటి మధ్య
మెత్తగా, పొరలు పొరలుగా
గులాబీ రంగు రాతిపొడి.

ఖోరెన్ టార్చి దగ్గరగా పట్టుకున్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"భూకంపం తర్వాత
వేసవంతా దీన్ని ఆపలేదు" అన్నాడు.
"మా నాన్న చెక్కేవాడు, నేను పేర్లు చదివేవాణ్ణి.
ఒక్కోసారి ఒకే ఇంటిపేరు
పొద్దుట్నుంచి రాత్రి దాకా."

నేను ఊదబోయి ఆగాను.
ఎందుకాగానో నాకే తెలీదు.
కాగితం ముక్క బొడిపెల మధ్య పెట్టి
మెల్లగా లాగాను. ఇంకోటి. ఇంకోటి.
ఏడు కాగితాలు గులాబీ అయ్యాయి,
ఎనిమిదోది తెల్లగా వచ్చింది.
పారేద్దామంటే ఖోరెన్ వాటిని మడిచి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మూత, బెల్టు, ప్లగ్గు.
స్విచ్చి.
గుయ్ అని సగం అని
టక్కుమని,
డబడబడబ అందుకుంది.
పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి.
ముల్లు రెండు, మూడు, ఐదు దాటింది.

ఖోరెన్ కళ్లద్దాలు పెట్టుకుని
గొట్టం తగిలించి ఉలి ఎత్తి
"రా తాతా, రెండక్షరాలే" అన్నాడు.

సెరోబ్ రాయి వైపు చూశాడు.
గ్లాసులో మిగిలిన టీ వైపు చూశాడు.
"ఇప్పుడే కదా బాగైంది," అన్నాడు
మోటారు మోత మీద అరుస్తూ,
"ఇవాళ్టికి ఊరికే తిరగనీ.
అక్షరాలదేముంది,
గురువారం వస్తాను."