పల్లీవీరుడు, రెండో భాగం

మొదటి భాగంల మా బీచుపల్లి చిన్నాయన
వనపర్తి డిపో బస్సు టాపు మీద బోర్లపండి
రెండు చేతులు ముందుకు చాపి ఎగిరిండు.
బస్సు కొత్తకోట దిక్కు ఉరుకుతుంటే
వెనకనించి స్కూటర్ మీద నేను ఫోన్ల తీసిన.
రెక్కబట్ట, చిన్నమ్మ పెండ్లినాటి గద్వాల చీర.
అడగకుంట తెచ్చింది.
తుమ్మకొమ్మకు తట్టుకొని జరీ అంచు మూరెడు చినిగింది.
ఆకాశంల గెలిచిన వీరుడు
మూడు రాత్రులు అరుగు మీద పండుకున్నడు.

ఆయన బలమంతా పల్లీలల్ల ఉండె.
పిడుగు పడ్డ చేన్ల ఏరిన గుప్పెడు కాయలు,
నమిలితే చాలు, గొంతు ఆమడ దూరం పోతది.
"చిల్లర లేనోడు దిగు!"
ఒక్క కేకకే వడ్డీరాకాసి కోరలు ఊడి
వాని జేబులనే పడ్డయి.
(ఆ వేషం మేకల ఊశన్నది. కోరలు ముల్లంగి ముక్కలు.
షూటింగు నడుమ ఒక కోర ఆయన మేకనే తిన్నది.)
కేక మాత్రం వేషం కాదు.
ఇరవై రెండేండ్లు పెబ్బేరు సంతనాటి రష్షుల
ఫుట్‌బోర్డు మీద పెరిగిన కేక.

రెండో భాగం రాసుకునేటాలకు
ఆ గొంతు లేదు.
పట్నం దవాఖానల గడ్డతో పాటు తీసేసిన్రు.
మెడ కింద రూపాయి బిళ్ళంత తొర్ర,
దాని మీద తెల్లగుడ్డ.
ఇంట్ల ఇప్పుడు మంచంపట్టె మీద బిళ్ళతోని కొడతడు.
ఒకటి కొడితే ఆగు.
రెండు కొడితే రైట్ రైట్.
నీళ్ళకు మూడు.
కోపమొస్తే లెక్క తప్పుతది.

ఇగ వద్దులే అనుకున్న నేను.
ఆయనే ఒకనాడు స్టూడియోకొచ్చి
పల్లీల పొట్లం నా కీబోర్డు మీద పెట్టి
బల్ల మీద రెండు సార్లు కొట్టిండు.
చీర ఈసారి చిన్నమ్మనే తెచ్చింది.
కుట్లేసిన అంచు లోపలికి మలిచి
భుజాలకు పిన్నీసులు పెడుతుంటే
ఆయనకు గుచ్చుకోకుంట తన వేలు అడ్డం పెట్టుకుంది.

డబ్బింగు చెప్పింది జమ్ములు,
ఆయన బిడ్డ, తొమ్మిదేండ్లు,
ముందటి పండ్లు రెండు లేవు.
పెండ్లి వీడియోలు కలిపే గదిల
నాలుగు దుప్పట్లు కట్టినం.
తెర మీద తెల్లమీసాల వీరుడు కొండనెత్తి నోరు తెరిస్తే
"థిల్లల లేనోదు దిగు!"
నేను కుర్చీల నుంచి కింద పడ్డ.

కాయిదం చూసి చదివింది రెండు నిమిషాలే.
తర్వాత నాయిన పెదవుల దిక్కే చూసుకుంట
సొంతంగ చెప్పబట్టింది.
రాకాసి మీదికి దూకుతూ వీరుడంటడు:
"మెల్లగ నములు నాయినా, పొలమారతది."
రాకాసి గద ఎత్తితే:
"గుడ్డ సరిగ్గ కట్టుకో, లోపలికి దుమ్ము పోతది."
కోసేద్దామని కత్తెర గుర్తు మీద వేలు పెట్టిన.
వేలు ఆడనే ఉండిపోయింది.

పల్లీ మిల్లు గోడ మీద ఆడించినం.
జనం పొట్టుకుప్పల మీద కూసున్నరు,
నవ్వినప్పుడల్లా కొంచెం కొంచెం కిందికి జారుకుంట.
ఆఖర్ల, మబ్బు మీద నిలబడి
వీరుడు పెద్ద మాట చెప్పే వేళకు
ఊశన్న మేక స్పీకర్ వైరు కొరికింది.

గోడ మీద ఇరవై అడుగుల చిన్నాయన
పెదవులాడిస్తున్నడు. చప్పుడు లేదు.
ఎవ్వరు నవ్వలే.
సౌండ్ అని ఎవ్వరు అరవలే.
అందరు ఆయన బస్సెక్కినోళ్ళే,
టికెట్టు లేకుంట దిగినోళ్ళు గూడ ఉన్నరు.
జమ్ములు ఆయన ఒడిల నిద్రపోయింది.
చీకట్ల, మిల్లు షట్టరు మీద
టక్.
టక్.

ముందు ఎవరన్నరో తెల్వదు.
తర్వాత పిల్లలు, హమాలీలు,
రిటైరైన డ్రైవర్ ఖాజామియా సాబ్,
పొట్టు దులుపుకుంట లేచినోళ్ళు,
"రైట్ రైట్!"
గోడ మీద మబ్బు కదిలింది.

మూడో భాగమెప్పుడని
పొద్దుగాలనే అడిగిండు ఊశన్న.
ముందు నా వైరు పైసలియ్యి అన్న.
మేక ఇంక నములుతనే ఉంది.